గేటు దగ్గర తయారయ్యే కీ

తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారు గనక రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్ళు ముందుకు రండి నాయనా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి, ఆ పాపను ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి.

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. అయిపోయాయి అని ఊపిరి పీల్చుకునే లోపల అసలు వరుస మొదలవుతోంది. ఏప్రిల్‌లో ఇంజినీరింగ్ కోసం జేఈఈ మెయిన్ రెండో సెషన్. మే మొదట్లో మెడిసిన్ కోసం నీట్. ఆ మే నెలలోనే మన రాష్ట్రం పెట్టే ఎంసెట్. ఈఏపీసెట్ అనాలి, 2021 నుంచి పేరు మారింది. కానీ మన ఊళ్ళో అందరూ ఎంసెట్ అనే అంటారు, నేనూ అట్లాగే అంటాను.

పరీక్షకు ముందు ఎట్లా చదవాలో చెప్పేవాళ్ళు మీకు చాలామంది ఉన్నారు. పరీక్ష హాల్లో టైమ్ ఎట్లా పంచుకోవాలో మీ లెక్చరర్లు చెప్పే ఉంటారు. నేను ఈ రోజు ఆ రెండూ మాట్లాడను. పరీక్ష రాసి బయటికి వచ్చిన తర్వాత మొదటి గంట గురించి మాట్లాడతాను. ఆ ఒక్క గంట గురించే. ఎందుకంటే ఆ గంటలో జరిగేదాని గురించి మీకు ఎవరూ చెప్పరు. పిల్లలకూ చెప్పరు, పెద్దలకూ చెప్పరు.

ఏళ్ళ తరబడి ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను. పరీక్ష రోజున సెంటర్ల దగ్గరికి వెళ్ళడం నాకు అలవాటు. మన దగ్గర సెంటర్లు ఎక్కువగా ఊరి బయట ఇంజినీరింగ్ కాలేజీల్లో పడతాయి. చంద్రగిరి వైపు, పుత్తూరు వైపు, రేణిగుంట వైపు. మే నెల ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గేటు బయట ఒక్క చెట్టు, ఆ చెట్టు నీడలో వంద మంది. ఒక అమ్మ చేతిలో రుమాలు మూటగట్టి పట్టుకుని ఉంటుంది. అందులో కూతురి కమ్మలు, మెడలో గొలుసు, కాళ్ళ పట్టీలు. లోపలికి పోనివ్వరు కదా, పొద్దున్నే తీసి అమ్మ చేతిలో పెట్టి పోయింది. మూడు గంటల సేపు ఆ తల్లి ఆ మూటను కింద పెట్టదు. గేటు తెరుస్తారు. కూతురు వస్తుంది. ఇంకా కమ్మలు పెట్టుకోలేదు, గుక్కెడు నీళ్ళు తాగలేదు. అప్పటికే స్నేహితురాలు వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. "ఏమే, ఆ లెన్స్ ప్రాబ్లమ్‌కి నీకెంత వచ్చింది?"

అంతే. అక్కడ మొదలవుతుంది.

అడగడం తప్పని నేను అనడం లేదు. రెండేళ్ళు తెల్లవారుజామున లేచి చదివి, మూడు గంటలు తల ఎత్తకుండా రాసి వచ్చినవాళ్ళకు, రాసింది రైటా తప్పా అని తెలుసుకోవాలని ఉండదా? ఉంటుంది. ఉండాలి. ఏమీ అనిపించకుండా ఇంటికి పోయి పడుకునే పిల్లల గురించే నేను ఎక్కువ ఆలోచిస్తాను. కాబట్టి ఆ కోరికతో నాకు గొడవ లేదు. నా గొడవ అల్లా ఆ చెట్టు కింద తయారయ్యే కీతో, అంటే సరైన జవాబుల పట్టీతో. అది కీ కాదు. కీ లాగా కనబడుతుంది, కీ లాగా మనల్ని భయపెడుతుంది, కానీ అది కీ కాదు.

ఎందుకు కాదో చెబుతాను. ముందు మీకో ప్రశ్న. ఒక బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. అది పైకి పోయి పోయి, అత్యంత ఎత్తుకు చేరింది. సరిగ్గా ఆ క్షణంలో దాని త్వరణం ఎంత? యాక్సిలరేషన్ ఎంత? చెప్పండి. గాలి నిరోధాన్ని వదిలేయండి. ఆ మూల నుంచి "సున్నా" అని వినబడింది. ఇంకెవరు? సున్నా, సున్నా... ఈ పక్క అమ్మాయి ఏదో అంటోంది, గట్టిగా చెప్పమ్మా. "జీ." విన్నారా? ఒక్క గొంతు జీ అంది, మిగతా హాలంతా సున్నా అంది. ఆ అమ్మాయి చెప్పిందే రైటు. పైన సున్నా అయ్యేది వేగం. త్వరణం కాదు. భూమి లాగడం ఆ ఒక్క క్షణం ఆపేస్తుందా? ఆపేస్తే, వేగమూ సున్నా, త్వరణమూ సున్నా అయితే, ఆ బంతి గాల్లోనే ఉండిపోవాలి కదా! కిందికి వస్తోందంటేనే త్వరణం ఉందని అర్థం. సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు, కిందివైపు. దాన్నే జీ అంటాం.

ఇదే ప్రశ్న మీద ఒక ఏడాది ఒక సెంటర్ బయట పిల్లలు వాదించుకుంటుంటే పక్కనే నిలబడి విన్నాను. నలుగురు సున్నా అన్నారు. ఒక అమ్మాయి జీ అంది. నలుగురిలో ఒకడు కొంచెం గట్టిగా మాట్లాడే పిల్లవాడు. "పైన ఆగిపోతుంది కదే, ఆగిపోయినదానికి యాక్సిలరేషన్ ఏంది?" అన్నాడు. ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పబోయింది. మూడోసారి, "ఏమో, నేనే తప్పు పెట్టినట్టుండాను" అంది. రైటు జవాబు పెట్టి వచ్చిన పిల్ల, గేటు దగ్గర అయిదు నిమిషాల్లో దాన్ని తప్పు చేసుకుని ఇంటికి పోయింది! నేను కల్పించుకుని చెప్పాను, అది వేరే సంగతి. ప్రతి గేటు దగ్గరా ఒక లెక్చరర్ నిలబడి ఉండడు కదా. ఆ అమ్మాయికి ఆ వారంలోనే ఇంకో పరీక్ష ఉంది. తన ఫిజిక్స్ మీద తనకే నమ్మకం లేకుండా ఆ పరీక్షకు కూర్చునేది.

ఇది ఆ పిల్ల బలహీనత అనుకోవద్దు. మనుషులందరం ఇంతే. 1951లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో ఒక ప్రయోగం చేశాడు. ఒక కార్డు మీద ఒక గీత, ఇంకో కార్డు మీద మూడు గీతలు. ఆ మూడిట్లో మొదటిదానితో సమానమైన గీత ఏది? చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. కానీ గదిలో మిగతా అందరూ ఆయన మనుషులే. వాళ్ళు ముందే అనుకుని, తప్పు గీతను చూపించి "ఇదే" అని వరసగా చెబుతారు. పాపం అసలు మనిషి వంతు ఆఖర్న వస్తుంది. కళ్ళెదురుగా తప్పని కనబడుతున్నా, నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా గుంపు చెప్పిందే చెప్పారు. గీత పొడుగు విషయంలోనే ఇట్లా ఉంటే, ఆర్గానిక్ కెమిస్ట్రీ విషయంలో ఎట్లా ఉంటుంది? అదే ప్రయోగంలో ఇంకో మాట కూడా ఉంది, అది గుర్తు పెట్టుకోండి. గదిలో ఇంకొక్కడు, ఒకే ఒక్కడు సరైన గీత చూపిస్తే చాలు, ఆ అసలు మనిషి గుంపు వెనకాల పోవడం బాగా తగ్గిపోయింది. అంటే నలుగురూ ఒకటి అంటున్నప్పుడు "ఆగండిరా, దాని మాట కూడా విందాం" అనే స్నేహితుడు ఒకడుంటే చాలు. మీరు ఆ ఒకడు కండి.

ఇంకో సంగతి. మీరు పోల్చుకునేది అసలు ఒకటే పేపరా? ఆలోచించండి. ఎంసెట్ కంప్యూటర్ మీద రాస్తారు. పొద్దున ఒక సెషన్, మధ్యాహ్నం ఒక సెషన్, రోజుల తరబడి. సెషన్‌కు ఒక పేపరు. జేఈఈ మెయిన్ కూడా అంతే. మీ పక్కింటి అబ్బాయి సోమవారం పొద్దున రాశాడు, మీరు బుధవారం మధ్యాహ్నం రాశారు. వాడికి 160కి 110 వస్తాయంట, మీకు 95 దాటేట్టు లేదంట. ఏడుపు. దేనికి? వాడి పేపరు వేరు, మీ పేపరు వేరు. పోనీ ఒకే సెషన్‌లో రాశారే అనుకుందాం. ప్రశ్నల వరుస, ఆప్షన్ల వరుస ఒకరి తెర మీద ఉన్నట్టు ఇంకొకరి తెర మీద ఉండవు. "నలభై రెండోదానికి మూడో ఆప్షన్ కదా?" అని అడుగుతారు చూడండి, ఆ మాటకు అర్థమే లేదు. రెస్పాన్స్ షీటు, అంటే మీరు పెట్టిన జవాబుల పట్టీ, వచ్చినప్పుడు చూడండి, ప్రతి ప్రశ్నకూ ఒక ఐడీ నంబరు, ప్రతి ఆప్షన్‌కూ ఒక ఐడీ నంబరు ఉంటాయి. ఎందుకు పెట్టారు వాటిని? వరుస మారుతుంది గనకే కదా.

మార్కుల లెక్క కూడా చెబుతాను, ఇది తల్లిదండ్రులు కూడా వినాలి. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు. రైటుకు నాలుగు, తప్పుకు ఒకటి పోతుంది. కానీ చివరికి మీ చేతికి వచ్చేది మార్కు కాదు, పర్సంటైల్. మీ సెషన్ రాసినవాళ్ళలో మీతో సమానంగానో మీకంటే తక్కువగానో మార్కులు తెచ్చుకున్నవాళ్ళు నూటికి ఎంతమంది అన్నది లెక్క. ఒక సెషన్‌లో లక్ష మంది రాస్తే, అందులో 98 వేల మంది మీతో సమానంగానో మీ కిందో ఉంటే, మీది 98 పర్సంటైల్. పేపరు కష్టంగా వస్తే మీకే కాదు, ఆ లక్ష మందికీ కష్టంగానే వచ్చింది. ఇప్పుడు చెప్పండి, చెట్టు కింద నిలబడ్డ ఆరుగురు కలిసి ఆ లక్ష మంది లెక్క తేల్చగలరా? మన ఎంసెట్‌లో అయితే సెషన్ల మధ్య నార్మలైజేషన్ చేస్తారు, అంటే పేపర్ల కష్టంలో తేడాను సరిచేస్తారు, దాని మీద ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ. ఆ తర్వాత సీట్లలో 85 శాతం లోకల్. మనం ఎస్వీయూ, అంటే శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో లోకల్. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు పాత జిల్లాలన్నీ అందులోకి వస్తాయి. ఇన్ని మెట్లు ఎక్కితే గానీ సీటు తేలదు. గేటు దగ్గర "నీకు ఎన్ని వస్తాయి" అన్న ప్రశ్న మొదటి మెట్టు దగ్గర కూడా లేదు.

ఎంసెట్‌లో నెగటివ్ మార్కులు లేవని మీకు తెలుసు. అయినా బయటికి వచ్చి "నువ్వు ఎన్ని అటెంప్ట్ చేశావ్?" అని అడుగుతారు. నెగటివ్ లేనప్పుడు అందరూ 160కి 160 పెట్టి రావాల్సిందే కదా!

ఇక గేటు దగ్గర నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఒకటుంది. "సార్, మొదట రైటే పెట్టినాను సార్, మార్చేసినాను." ఈ మాట వినని ఏడాది లేదు. ఆ మాట అనేటప్పుడు పిల్లల మొహం చూడలేం. తెలియక పోయిన మార్కుకు ఇంత బాధ ఉండదు. చేతిలోకి వచ్చి పోయింది అన్నదానికే బాధ. దాంతో వాళ్ళు ఏం తీర్మానం చేసుకుంటారు? "ఇకమీదట మొదట పెట్టింది మార్చకూడదు." ఆ తీర్మానంతో తర్వాతి పరీక్షకు పోతారు. తప్పని తెలిసినా మార్చకుండా వస్తారు.

దీని మీద లెక్క తీసినవాళ్ళున్నారు. జస్టిన్ క్రూగర్ అనే ఆయన, ఆయన సహచరులు, 2005లో అచ్చయిన పరిశోధన. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పదిహేను వందల మందికి పైగా విద్యార్థుల జవాబు పత్రాలు తీసుకుని, ఎక్కడెక్కడ చెరిపి మార్చారో ఒక్కొక్కటే చూశారు. మార్చినవాటిలో 51 శాతం తప్పు నుంచి రైటుకు మారాయి. 25 శాతం మాత్రమే రైటు నుంచి తప్పుకు మారాయి. మిగతావి ఒక తప్పు నుంచి ఇంకో తప్పుకు. అంటే, మార్చడం వల్ల నష్టపోయినవాటికి రెండింతలు లాభపడినవి. మరి మనకెందుకు అట్లా అనిపించదు? మార్చి రైటయినవి మనకు గుర్తుండవు. అవి హాయిగా మార్కుల్లో కలిసిపోతాయి. మార్చి పోగొట్టుకున్నవే గుండెలో ఉంటాయి. గేటు దగ్గర పిల్లలు చెప్పుకునేవీ అవే. "అది మార్చాను, లాభపడ్డాను" అని గేటు దగ్గర ఎవరైనా చెప్పగా విన్నారా? నేను వినలేదు. కాబట్టి పిల్లలూ, కారణం కనబడితే మార్చండి. లెక్క మళ్ళీ చేస్తే వేరే జవాబు వచ్చింది, ప్రశ్నలో "కానిది ఏది" అన్న మాట ఇప్పుడు కనబడింది, అట్లాంటప్పుడు మార్చండి. ఊరికే భయపడి మార్చొద్దు, భయపడి మార్చకుండానూ ఉండొద్దు.

నీట్ పిల్లలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. సగానికి సగం ఉన్నారే. మీకు కంప్యూటర్ లేదు, పెన్నుతో గుండ్రాలు నింపే ఓఎమ్మార్ షీటు. క్వశ్చన్ బుక్‌లెట్ ఇంటికి తెచ్చుకోనిస్తారు. కాబట్టి మా మాట వేరు సార్, మేం పోల్చుకోవచ్చు అంటారు. మీకోసమే ఇప్పుడొక సంగతి చెబుతాను. కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఇందులో ఉంది.

2024 మే 5న నీట్ జరిగింది. ఆ ఏడాది ఎన్ని గొడవలు జరిగాయో మీకు తెలుసు, వాటిలోకి పోను. అందులో ఫిజిక్స్‌లో ఒక ప్రశ్న. రెండు వాక్యాలు ఇచ్చారు. మొదటిది: పరమాణువుల్లో ధనావేశాలు, రుణావేశాలు సమానంగా ఉంటాయి గనక అవి విద్యుత్ తటస్థంగా ఉంటాయి. రెండోది: ప్రతి మూలకం యొక్క పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, తమ విశిష్ట వర్ణపటాన్ని వెలువరిస్తాయి. మొదటిది రైటు, అందులో పేచీ లేదు. రెండోది? "ప్రతి మూలకం" అన్నాడు చూడండి, అక్కడ ఉంది కిటుకు. యురేనియం పరమాణువు స్థిరంగా ఉంటుందా? రేడియం? ఉండవు, విచ్ఛిన్నమవుతాయి. కాబట్టి రెండోది తప్పు. కానీ ఎన్‌సీఈఆర్‌టీ పాత పుస్తకంలో ఆ వాక్యం అట్లాగే, "ప్రతి మూలకం" అనే ఉంది. కొత్త ముద్రణలో సవరించారు. పాత పుస్తకం చదివిన పిల్లలు ఏం చేస్తారు? అన్న చదివిన పుస్తకం తమ్ముడు చదువుతాడు, అక్క పుస్తకం చెల్లెలు చదువుతుంది. మన ఇళ్ళలో జరిగేది అదే కదా. వాళ్ళు రెండు వాక్యాలూ రైటే అని పెట్టారు. పరీక్ష పెట్టిన ఎన్‌టీఏ ఆఖరికి రెండు జవాబులకూ మార్కులిచ్చింది.

అది సుప్రీంకోర్టు దాకా పోయింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి ధర్మాసనం జూలై 22న ఐఐటీ ఢిల్లీ డైరెక్టరును అడిగింది, ముగ్గురు నిపుణులను కూర్చోబెట్టి రైటు జవాబు ఏదో మర్నాడు మధ్యాహ్నానికల్లా చెప్పండి అని. వాళ్ళు చూశారు, ఒకటే రైటు అన్నారు. రెండో వాక్యం తప్పు అన్న జవాబే రైటు. దాంతో నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు అయిదేసి మార్కులు తగ్గాయి. వచ్చిన నాలుగు పోయాయి, పైన నెగటివ్ ఒకటి. 720కి 720 వచ్చినవాళ్ళు మొదట 67 మంది అన్నారు. అందులో 44 మందికి ఆ పూర్తి మార్కులు ఈ ప్రశ్న వల్ల వచ్చినవి. మరో ఆరుగురివి గ్రేస్ మార్కుల వల్ల వచ్చినవి, అవీ పోయాయి. జూలై 26న సవరించిన ఫలితాలు ఇస్తే ఆ 67 మందిలో మిగిలింది 17 మంది.

ఇప్పుడు లెక్క వేయండి. మే 5 సాయంత్రం గేటు దగ్గర ఈ ప్రశ్న గురించి ఎంతమంది పిల్లలు కొట్లాడుకుని ఉంటారు? "నువ్వు పెట్టింది తప్పురా, టెక్స్ట్‌బుక్‌లో ఉంది, నేను చూపిస్తా" అని ఎంతమంది పందేలు కాసి ఉంటారు? కొత్త పుస్తకం చదివి రైటు పెట్టిన పిల్ల ఎంతమంది మధ్యలో ఒంటరిగా నిలబడి ఉంటుంది? ఆ ప్రశ్న తేలడానికి దాదాపు పన్నెండు వారాలు పట్టింది. ఐఐటీ నిపుణులు కావాల్సి వచ్చింది. దేశంలో అత్యున్నత న్యాయస్థానం కావాల్సి వచ్చింది. దాన్ని మనం చెరుకు రసం బండి పక్కన, గ్లాసు రసం తాగే లోపల తేల్చేద్దామా?

అన్ని ప్రశ్నల సంగతీ ఇట్లాగే అవుతుందని కాదు నేననేది. నూటికి తొంభై ప్రశ్నలకు జవాబు ఒకటే ఉంటుంది, అది మీ లెక్చరరుకు వెంటనే తెలుస్తుంది. కానీ గేటు దగ్గర చర్చ ఆ తొంభై గురించి జరగదు కదా. అనుమానం ఉన్న పది గురించే జరుగుతుంది. ఆ పదే గేటు దగ్గర తేలనివి.

పెద్దలకు రెండు మాటలు

ఇప్పుడు తల్లిదండ్రులు వినండి. పిల్లలూ, మీరు కాసేపు చెవులు మూసుకున్నా ఫర్వాలేదు.

గేటు దగ్గర పిల్లల కంటే ముందు ప్రశ్న వేసేది మనమే. "ఎట్లా రాశావ్?" అని ఆగితే బాగుణ్ణు. "ఎన్ని పెట్టావ్? ఎన్ని కరెక్టు? శెట్టి గారి అబ్బాయి బాగా రాశాడంట కదా?" దారి పొడుగునా ఇదే. బండి మీద వెనక కూర్చున్న పిల్ల ఏం జవాబు చెబుతుంది? ఇంటికి చేరేసరికి పలమనేరు నుంచి మేనమామ ఫోను. పీలేరు నుంచి పెద్దమ్మ ఫోను. అందరూ ప్రేమతోనే చేస్తారు, కాదనను. కానీ ఆ పిల్లకు అది అదే రోజు ఇంకో పరీక్ష, అదీ ఒకరి తర్వాత ఒకరికి చెప్పాల్సిన మౌఖిక పరీక్ష. ఆ ఫోన్లు మీరు ఎత్తండి. "రాసిందిలే మామా, రిజల్ట్ వచ్చినాక చెబుతాం" అని మీరు చెప్పండి. పిల్ల చేతికి ఫోను ఇవ్వకండి.

వాట్సాప్ గ్రూపుల్లో ఆ సాయంత్రమే కీ తిరుగుతుంది. మెమరీ బేస్డ్ కీ అంటారు. పిల్లలు గుర్తు పెట్టుకుని చెప్పిన ప్రశ్నలతో చేసింది. గుర్తున్న ప్రశ్నలో ఒక అంకె మారితే జవాబు మారుతుంది, ఒక "కాదు" మర్చిపోతే జవాబు తిరగబడుతుంది. నాయనలు ఆ కీ ముందేసుకుని పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి టిక్కులు కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. మీకు నిజంగా మార్కులు తెలియాలంటే రెస్పాన్స్ షీటు వస్తుంది, ప్రిలిమినరీ కీ, అంటే తొలి కీ, వస్తుంది. అవి ప్రభుత్వం తరఫున వచ్చేవి. కొన్ని రోజులు ఆగాలి, అంతే.

మరి గేటు దగ్గర ఏం అడగాలి సార్ అని ఒకమ్మ నన్ను అడిగింది. మంచి ప్రశ్న. ఏమీ అడక్కండమ్మా. పొద్దున కట్టుకుని వచ్చిన పెరుగన్నం ఉందా? పెట్టండి. కమ్మలు ఇవ్వండి. పిల్ల తనంతట తాను చెబితే వినండి, సాయంత్రమంతా వినండి. చెప్పకపోతే ఊరుకోండి.

పోల్చుకోవడానికి ఒక రోజు ఉంది

పిల్లలూ, ఇప్పుడు మీకు. అసలు పోల్చుకోవద్దు అనడానికి నేను ఇక్కడికి రాలేదు. పోల్చుకోండి. ఎప్పుడు పోల్చుకోవాలి, ఏం పోల్చుకోవాలి అన్నదే నేను చెప్పేది.

వరసలో ఇంకో పరీక్ష ఉన్నంతసేపు పోల్చుకోవద్దు. మెయిన్ రాసి వచ్చారు, ముందు ఎంసెట్ ఉంది. మెయిన్‌లో పోయిన మార్కు మీరు ఎంత తవ్వినా తిరిగి రాదు. ఆ తవ్వడంలో ఎంసెట్ మార్కు పోతుంది. పోయినదానికి తోడు ఇది కూడానా? మీ ముగ్గురు నలుగురు స్నేహితులు ముందే ఒక మాట అనుకోండి. పరీక్ష ముందు రోజే అనుకోండి, బయటికి వచ్చాక అయితే ఎవరూ ఆగరు. "రేపు గేటు దగ్గర పేపర్ గురించి మాట్లాడుకోవద్దు" అని. వేరే వాళ్ళు వచ్చి అడిగితే "మేము కీ వచ్చినాక చూసుకుంటాం" అని చెప్పండి. దాంతో ఎవరికీ కోపం రాదు.

రెస్పాన్స్ షీటు వచ్చిన రోజు కూర్చోండి. ఆ రోజు మాత్రం సీరియస్‌గా కూర్చోండి. షీటు ప్రింటు తీసుకోండి, పక్కన తెల్ల కాగితం పెట్టుకోండి. "నీది ఏ ఆప్షన్?" అని మొదలుపెట్టొద్దు. "నువ్వు దీన్ని ఎట్లా చేశావ్?" అని మొదలుపెట్టండి. ఒకరు బోర్డు మీద చేసి చూపించండి. ఇందాక బంతి ప్రశ్న ఉంది కదా, ఆ నలుగురూ "సున్నా" అన్న అంకె దగ్గర ఆగిపోయారు. "ఎందుకు సున్నా" అని ఒక్కరు అడిగినా వేగం, త్వరణం తేడా బయటపడేది. అప్పుడు ఆ ప్రశ్న వాళ్ళకు జన్మలో మళ్ళీ తప్పు పోయేది కాదు. జనవరి సెషన్ రాసి, మళ్ళీ ఏప్రిల్‌కు కూర్చుంటున్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. జనవరి రెస్పాన్స్ షీటు మీలో ఎంతమంది తెరిచి చూశారు? మార్కు చూసి మూసేశారు కదా! ఈ రాత్రికి తెరవండి. తెలియక పోయినవెన్ని, తెలిసీ ప్రశ్న సరిగ్గా చదవక పోయినవెన్ని చూడండి. రెండోదానికి మందు వారంలో దొరుకుతుంది.

షీటులో మీరు రైటు పెట్టారని మీకు గట్టి నమ్మకం ఉండి, కీలో తప్పు చూపిస్తే, అప్పుడు కొట్లాడండి. చెట్టు కింద కాదు, పద్ధతి ప్రకారం. ప్రిలిమినరీ కీ ఇచ్చేదే అభ్యంతరాలు చెప్పమని. జేఈఈ మెయిన్‌కు, నీట్‌కు ఒక్కో ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి, అవి తిరిగి రావు. అందుకని ప్రతి అనుమానానికీ కట్టొద్దు. టెక్స్ట్‌బుక్ పేజీ పట్టుకుని మీ లెక్చరరు దగ్గరికి పోండి. ఆయన అవునంటే కట్టండి. మీ ఒక్కరి అభ్యంతరం నెగ్గితే కీ మారుతుంది, ఆ ప్రశ్న రైటు పెట్టిన పిల్లలందరికీ మార్కు వస్తుంది. అట్లా అభ్యంతరం పెట్టిన పిల్లలు నా దగ్గర ఉన్నారు. వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. పుంగనూరు నుంచి, సత్యవేడు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు మీరు. మెయిన్, నీట్ తెలుగులో కూడా రాయొచ్చు. కానీ అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే ఆఖరి మాట, నియమం అట్లా ఉంది. కాబట్టి తెలుగు వాక్యం వింతగా అనిపించిన చోట అక్కడే, హాల్లోనే, ఇంగ్లీషు వాక్యం ఒకసారి చూడండి. బయటికి వచ్చాక ఇంగ్లీషు మీడియం పిల్లలు "అంత ఈజీ ప్రశ్న కూడా రాలేదా" అంటే చిన్నబుచ్చుకోకండి. వాళ్ళు చదివిన వాక్యం, మీరు చదివిన వాక్యం ఒకటి కాదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఇది చెప్పకుండా పోలేను. గేటు దగ్గర మాటలు విని, ఆ రాత్రి నిద్రపట్టక, ఎవరికీ చెప్పుకోలేక లోపల లోపలే కుమిలిపోయే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎవరో తెలియదు. బాగా చదివే పిల్లలే అయి ఉంటారు చాలాసార్లు. అమ్మతో చెప్పగలిగితే అమ్మతో చెప్పండి. నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రి అయినా చేయండి, నా నంబరు మీ అందరి దగ్గరా ఉంది. తెలిసినవాళ్ళతో చెప్పలేం అనిపిస్తే 14416 ఉంది. టెలీ మానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడే ఫోన్లు తీసి సేవ్ చేసుకోండి. పిల్లలే కాదు, పెద్దలు కూడా. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. అందరూ చేసుకున్నారా? వెనక వరస? సరే.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలు, ఆ తర్వాతే పెద్దలు. ఇందాక జీ అన్న అమ్మాయీ, నీతోనే మొదలుపెడదాం, లేచి నిలబడమ్మా.